‘భార్యకు దత్తత ఇష్టం లేదు’ అని రాసిన చీటీ

గుంటూరు కొత్తపేటలో, స్కానింగ్ సెంటర్లకూ మందుల షాపులకూ మధ్య ఒక చిన్న గదిలో పద్ధెనిమిదేళ్ళుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. సంతానం కోసం చికిత్స తీసుకునే దంపతులను వైద్యులు నా దగ్గరకు పంపుతుంటారు. చాలామంది ఒకటి రెండు సార్లు వచ్చి మానేస్తారు. ఈ జంట మాత్రం మూడేళ్ళుగా వస్తూనే ఉంది. అందులో మొదటి నాలుగు నెలలు నేను ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెబుతూ గడిపాను. ఈ కేసు రాయడానికి కారణం అదే. ఇద్దరూ చదివి సరేనన్నారు. ఊరు, వృత్తి, ఇంట్లో మనుషుల వివరాలు కొన్ని మార్చాను. మార్చి పెట్టిన వృత్తి కూడా ఈ జిల్లాలో వేలమందికి ఉన్నదే కాబట్టి ఎవరినీ పోల్చుకునే ప్రయత్నం చేయవద్దని మనవి.

నేపథ్యం

2022 వేసవిలో మొదటిసారి వచ్చేనాటికి అతనికి 39 ఏళ్ళు, ఆమెకు 35. పెళ్ళయి పదకొండేళ్ళు. అతనిది మిర్చి వ్యాపారం. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాకే కాస్త తీరిక దొరుకుతుంది. ఆమె డిగ్రీ చదివి ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెబుతుంది. అత్తగారు వీళ్ళతోనే ఉంటారు. మరిది కుటుంబం ఎదురింట్లో. వాళ్ళకు ఇద్దరూ మగపిల్లలే.

చికిత్స చరిత్ర పొడుగైనదే. మొదటి నాలుగేళ్ళు రెండు ఆసుపత్రులు, అనేక గుళ్ళు. తర్వాత మూడుసార్లు ఇక్సీ చేశారు. అంటే శుక్రకణాన్ని సూదితో నేరుగా అండంలోకి పంపే పద్ధతి. 2018లో రెండోసారి చేసినప్పుడు గర్భం నిలిచి, ఏడో వారంలో పోయింది. మూడోది అసలు నిలవలేదు. ఆ తర్వాత దాత వీర్యంతో ప్రయత్నించమని వైద్యులు చెప్పారు. దంపతులు ఆ మాటకు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. రెండేళ్ళు ఆసుపత్రి వైపే రాలేదు. మళ్ళీ వచ్చినప్పుడు దత్తత గురించి ఆలోచించమని ఆసుపత్రివాళ్ళు సూచించారు.

ఇదంతా వాళ్ళ ఫైలులో ఉంది. ఫైలు నా బల్ల మీదే ఉంది. కానీ నేను చదివింది పైన పిన్ను చేసిన చీటీని.

వచ్చిన సమస్య

ఆ చీటీలో నాలుగు ముక్కలు: ‘దత్తత సూచించాం. భర్త, అత్తగారు సుముఖం. భార్యకు ఇష్టం లేదు. కౌన్సెలింగ్ అవసరం.’

మొదటి రోజు ముగ్గురూ వచ్చారు. ఎక్కువగా మాట్లాడింది పెద్దావిడే. “మా చిన్నవాడి రెండో కొడుకును తెచ్చుకోమంటే వినదమ్మా. నాలుగేళ్ళవాడు, బంగారం లాంటి పిల్లవాడు. మన రక్తమే కదా! బయటి పిల్లయితే ఎవరి బిడ్డో, ఏ కులమో, ఏ గుణమో. రేపు వీళ్ళకు తలకొరివి పెట్టేవాడు ఉండాలా వద్దా?” అన్నారు. కొడుకు ఫోను చూసుకుంటున్నాడు. కోడలు చేతిసంచి జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంది. ఆమెను అడిగితే వచ్చింది ఒక్కటే మాట. “నాకు వద్దు.”

నా నోట్సులో ‘దత్తత పట్ల వ్యతిరేకత: భార్య’ అని రాసుకున్నాను. చీటీలో ఉన్నదాన్నే నా చేతిరాతలోకి ఎత్తి రాశానని అప్పుడు తోచలేదు.

మొదట ఏం చేశాను, ఎందుకు చేశాను

దత్తతంటే వెనకాడేవాళ్ళలో ఎక్కువమందికి ఉండేది భయమని నా అనుభవం. కన్నవాళ్ళు ఎప్పుడో వచ్చి బిడ్డను అడుగుతారేమో, పెద్దయ్యాక నిజం తెలిసి వదిలి వెళ్ళిపోతారేమో, ఏవైనా జబ్బులు బయటపడతాయేమో అన్నవి. వీటిలో చాలావాటికి సమాచారమే మందు. అందుకే మొదటి మూడు సెషన్లూ సమాచారానికే ఇచ్చాను.

రెండు దారులూ వివరించాను. మరిది కొడుకును తెచ్చుకోవాలంటే 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం సరిపోతుంది. సాధారణంగా పిల్లవాడికి 15 ఏళ్ళు నిండి ఉండకూడదు. ఇవ్వడం, పుచ్చుకోవడం నిజంగా జరగాలి. దత్తహోమం చేయాలని చట్టం పట్టుబట్టదు. ఒకసారి చెల్లుబాటుగా జరిగిన దత్తతను ఎవరూ రద్దు చేసుకోలేరు. భర్త దత్తత తీసుకోవాలంటే భార్య సమ్మతి ఉండితీరాలి. బయటి బిడ్డయితే 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద, దత్తతలను చూసే కేంద్ర సంస్థ కారా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి పరిశీలించి నివేదిక ఇస్తారు. వంతు వచ్చినప్పుడు శిశుగృహ వంటి గుర్తింపు ఉన్న చోటి నుంచి బిడ్డను చూపిస్తారు. చివరకు ఉత్తర్వు వస్తుంది.

ఆమె ట్యూషన్ టీచరు కదా, అన్నీ శ్రద్ధగా పుస్తకంలో రాసుకుంది. భార్య సమ్మతి దగ్గర మాత్రం కలం ఆపి, “నా సంతకం లేకుండా కుదరదా?” అని రెండుసార్లు అడిగింది. తప్పించుకునే దారి వెతుకుతోందనుకున్నాను. ఆ ఊహ తప్పు కాదు. దేని నుంచి తప్పించుకోవాలనుకుంటోందో అడగకపోవడమే నా తప్పు. అతను మూడు సెషన్లలో వేసింది ఒక్క ప్రశ్న. “జనన ధ్రువపత్రంలో తండ్రి అని ఎవరి పేరుంటుంది?” దత్తత పూర్తయ్యాక పెంచిన తల్లిదండ్రుల పేర్లతోనే ఇస్తారని చెప్పి ముందుకు వెళ్ళిపోయాను. ఎంత మంచి తలుపు! తెరిచి ఉన్నా లోపలికి తొంగి చూడలేదు.

తర్వాత, దత్తత తీసుకున్న విజయవాడ దంపతులను కలిపించాను. పుస్తకంలో చదివినదాని కంటే కళ్ళారా చూసినది మనసుకు పడుతుందని ఆలోచన. వాళ్ళకు ఆరేళ్ళ పాప ఉంది. ఆ తండ్రి మురిసిపోతూ, “అందరూ పాపది అచ్చం నా పోలికే అంటారండీ” అన్నాడు. ఆ తర్వాతి వారం ఈ జంటలో భర్త వచ్చి, “పోలికలు చూసి ఎంచుకోనిస్తారా?” అని అడిగాడు. అలా ఎంచుకోవడం ఉండదనీ, ఒకసారికి ఒక బిడ్డ వివరాలే పంపుతారనీ, 48 గంటల్లో మాట చెప్పాలనీ అన్నాను. “అయితే మాకు కుదరదు” అన్నాడు.

అప్పుడైనా నాకు వెలగలేదు. సుముఖమని చీటీలో ఉన్న మనిషి కాదంటే అది ఆ పూటకు కలిగిన చిరాకు అనుకున్నాను. ఇష్టం లేదని చీటీలో ఉన్న మనిషి నోరు విప్పకపోతే అది వ్యతిరేకత అనుకున్నాను.

ఇంతలో 2022 సెప్టెంబరు 1 నుంచి చట్ట సవరణ అమల్లోకి వచ్చింది. దత్తత ఉత్తర్వులు ఇచ్చే అధికారం కోర్టు నుంచి జిల్లా కలెక్టరుకు మారింది. నేను పాత కాగితాలు తీసేసి, కొత్తవి రాసి, నకళ్ళు తీయించి ఆమెకు ఇచ్చాను. ఆమె అవి అందుకుని మొదటిసారి నవ్వింది. “మేడమ్, మా కోసం మీరు చాలా చదువుతున్నారు. ఒక్కసారి మమ్మల్ని అడగండి” అంది.

విడివిడిగా కూర్చున్నాక

ఆ రాత్రి ఫైలు మొదటి పేజీ నుంచి చదివాను. ఏడో పేజీలో అతని వీర్య పరీక్ష రిపోర్టు ఉంది. కౌంటు మిల్లీలీటరుకు 10 లక్షలు కూడా లేదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కింది హద్దు 1.6 కోట్లు. తేదీ చూస్తే పెళ్ళయిన నాలుగో ఏడాది. ఆమెకు మత్తిచ్చి పొట్టలోకి గొట్టం పంపి చేసే పరీక్ష మొదటి ఏడాదే అయిపోయింది. ఒక ప్లాస్టిక్ డబ్బాతో అయిపోయే అతని పరీక్షకు నాలుగేళ్ళు పట్టింది. ఈ వరస నేను చూసిన ఎన్ని ఫైళ్ళలో ఉందో చెబితే నమ్మరు.

ఇక జంటగా కూర్చోబెట్టడం ఆపి విడివిడిగా రమ్మన్నాను. ఇందులో ఒక చిక్కు ఉంది. ఒకరి రహస్యం నా దగ్గర ఉండగా ఇద్దరినీ మళ్ళీ కలిపి కూర్చోబెడితే నా ముఖమే అబద్ధం ఆడుతుంది. అందుకే ముందుగానే ఇద్దరికీ ఒక మాట చెప్పాను. విడిగా చెప్పింది అవతలివారికి నేను చెప్పను, కానీ చెప్పాల్సిన అవసరం ఉందని నాకు తోస్తే ఎప్పుడు చెబుతారని మిమ్మల్ని అడుగుతూనే ఉంటాను. ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆమె గంటన్నర మాట్లాడింది. రిపోర్టు వచ్చిన రోజు అతను కారులో స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడట. “ఇంట్లో నాదేనని చెబుదాం” అని ఆమే అందట. అప్పటి నుంచి లోపం ఆమెదే. మోపిదేవిలో నాగప్రతిష్ఠ చేయించింది. తడిబట్టలతో ప్రదక్షిణలు చేసింది. మంగళవారాలు ఒంటిపూట తిన్నది. తోడికోడలి రెండో కొడుకు బారసాలలో ఊయల దగ్గరకు వెళ్ళబోతే ఎవరో పెద్దమ్మ చెయ్యి పట్టుకుని పక్కకు తీసిందట. “ఆ రోజు కారులో అన్న మాట ప్రేమతోనే అన్నాను మేడమ్. ఇప్పుడది నా ఉద్యోగమైపోయింది” అంది.

మరిది కొడుకు గురించి అడిగాను. “వాడంటే నాకు ప్రాణం. కానీ ఎదురింట్లోనే వాళ్ళమ్మ ఉంటుంది. నేను ఒక దెబ్బ వేస్తే కన్నతల్లి కాదు కదా అంటారు. వేయకపోతే గారాబం చేసి పాడు చేసిందంటారు. వాడికి నేను పెద్దమ్మను. అదే బాగుంది. పైగా వాడిని తెచ్చుకోవడమంటే, లోపం నాదేనని రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టి ఇచ్చినట్టే.”

మరి బయటి బిడ్డ?

“అది నన్ను ఎవరూ అడగలేదు” అంది. కాసేపాగి, దాత వీర్యం మాట తనే ఎత్తింది. “అలా పుడితే నాకు పుట్టిన బిడ్డ, ఆయనకు పుట్టని బిడ్డ. కోపం వచ్చిన రోజు ఆయన నోట ఏ మాట వస్తుందో. బయటి బిడ్డయితే ఇద్దరికీ ఒకేలా బయటి బిడ్డే కదా. అక్కడ మేమిద్దరం సమానం.”

అతను అంతసేపు మాట్లాడలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పింది కలిపితే ఇది. దాత వీర్యమైతే ఆమె కడుపు పెరుగుతుంది, శ్రీమంతం జరుగుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. బయటి నుంచి తెచ్చుకుంటే ఊరందరికీ బోర్డు కట్టినట్టు. తమ్ముడి కొడుకు సంగతి అమ్మ ఎత్తింది, కాదనాలంటే కారణం చెప్పాలి, ఆ కారణం చెప్పలేడు. అందుకని ఊ కొట్టాడు. ఆసుపత్రివాళ్ళు ‘సుముఖం’ అని రాసుకున్నది ఆ ఊ కొట్టడాన్నే.

వెళ్ళబోతూ ఇంకొకటి చెప్పాడు. మూడో ఇక్సీ తర్వాత ఒక పిండం మిగిలితే గడ్డకట్టించి భద్రపరిచారు. ఏటా దానికి కట్టాల్సిన రుసుము ఇప్పటికీ కడుతూనే ఉన్నాడు. ఆమెకు చెప్పలేదు. రసీదులు యార్డు లెక్కల పుస్తకంలో ఉన్నాయి.

చీటీ తిరగబడింది. ఇష్టం లేదన్న మనిషికి బిడ్డను పెంచాలని ఉంది. సుముఖమన్న మనిషి ఇంకా చికిత్సలోనే ఉన్నాడు.

తప్పిన ఒక మలుపు

2023 మొదట్లో మిర్చి సీజను. అప్పుడు అతను రావడమే కష్టం. ఒక సాయంత్రం మాత్రం ముందుగా చెప్పకుండా వచ్చాడు. తెలిసినవాళ్ళ ద్వారా ఒకామె ఫోను చేసిందట. పుట్టబోయే బిడ్డ ఉంది, లక్షల్లో ఖర్చు, ఆసుపత్రి రికార్డులో మీ భార్యే కన్నట్టు రాయిస్తాం, జనన ధ్రువపత్రం నేరుగా మీ పేర్లతో వస్తుంది అందట. అతని ముఖంలో చాలా నెలల తర్వాత వెలుగు చూశాను. అతనికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి: తండ్రిగా తన పేరు, ఊరికి తెలియకపోవడం, ఎదురుచూపు లేకపోవడం.

వెంటనే చట్టం చూపించి భయపెట్టవచ్చు. నియమాలు తప్పి దత్తత తీసుకుంటే మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ళ దాకా కఠిన శిక్ష. అందులో ఆసుపత్రి సిబ్బంది చెయ్యి ఉంటే మూడు నుంచి ఏడేళ్ళు. ఇవన్నీ చెప్పాను. కానీ అతను వ్యాపారస్తుడు, నష్టం వచ్చే అవకాశాన్ని లెక్కగట్టడం అతనికి అలవాటు. పట్టుబడే అవకాశం ఎంతని మనసులో లెక్కలు వేస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

“ఆ తల్లికి డబ్బు అవసరం, మేము సాయం చేసినట్టే కదా” అన్నాడు. అక్కడ పట్టుకున్నాను. బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ సమితి ముందు బిడ్డను అప్పగించవచ్చు. అప్పగించాక మనసు మార్చుకోవడానికి చట్టం ఆమెకు 60 రోజులు ఇస్తుంది. ఆ గడువు తీరాకే ఆ బిడ్డ దత్తతకు అర్హత పొందుతుంది. “ఆ మధ్యవర్తి మీకు అమ్ముతున్నది ఆ తల్లి అరవై రోజులను” అన్నాను. అతను చాలాసేపు కూర్చున్నాడు. “మా ఆవిడకు ఏడో వారంలో పోయినప్పుడు, ఒక్కరోజు వెనక్కి వెళ్ళగలిగితే బాగుండనుకున్నాం” అన్నాడు. ఆ ఫోనుకు మళ్ళీ జవాబివ్వలేదని తర్వాత ఆమె ద్వారా తెలిసింది.

మధ్యవర్తి పేరు అతను చెప్పలేదు. ఫలానా ఆసుపత్రి, ఫలానా బిడ్డ అని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పక తప్పదని నేను ముందే అనడంతో అతను జాగ్రత్తపడ్డాడు. నేను గుచ్చి అడగలేదు. అడిగి ఉంటే ఇతను నా గదికి మళ్ళీ వచ్చేవాడు కాదు. అడగనందువల్ల ఆ బిడ్డ ఇంకెవరి చేతికి వెళ్ళిందో నాకు తెలియదు. చేసింది సరైనదేనా అన్నది ఈనాటికీ నాలో తేలలేదు.

పనిచేసినది

ఆ తర్వాత నేను తీసుకున్న నిర్ణయం విచిత్రంగా అనిపించవచ్చు. చికిత్స తలుపు మూసుకునేదాకా ఈ గదిలో దత్తత మాట ఎత్తవద్దన్నాను. ఒక పిండం ఆసుపత్రిలో ఉండగా, ఏ బిడ్డ ఇంటికి వచ్చినా ఆ పిండం తర్వాతి స్థానమే. అది పిల్లకు అన్యాయం.

ముందు పిండం సంగతి భార్యకు తెలియాలి. నెల రోజులు అడిగాక అతనే చెప్పాడు. ఆమె కోపగించుకోలేదు సరికదా, “నేను ప్రతి ఏడాదీ ఆ నెలలో ఆసుపత్రికి ఫోను చేసి ఉందా అని అడుగుతూనే ఉన్నాను” అంది. ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఒకే చోట కాపలా కాస్తున్నారన్నమాట.

మూడు దారులు బల్ల మీద పెట్టాం. రుసుము కడుతూ ఉంచడం (సంతాన చికిత్సలపై 2021లో వచ్చిన చట్టం ప్రకారం పదేళ్ళకు మించి భద్రపరచకూడదు), వదిలేయడం, గర్భసంచిలో ప్రవేశపెట్టడం. అవకాశం తక్కువని వైద్యురాలు దాపరికం లేకుండా చెప్పారు. నేను ఏదీ సలహా ఇవ్వలేదు. ఇవ్వకూడదు కూడా. ఒక్కటి మాత్రం పట్టుబట్టి అడిగాను. నిలవలేదని తెలిసిన మర్నాడు ఉదయం మీరిద్దరూ ఏం చేస్తారు? ఎక్కడుంటారు? ఎవరికి చెబుతారు? రెండు సెషన్లు ఈ ఒక్క ఉదయం గురించే మాట్లాడుకున్నాం. గతంలో మూడుసార్లు ఓడిపోయినప్పుడూ మర్నాడు అతను యార్డుకు, ఆమె ట్యూషనుకు వెళ్ళిపోయారు కాబట్టి ఈ పట్టుదల.

2023 జూన్‌లో, యార్డు సెలవుల్లో ప్రవేశపెట్టారు. పద్నాలుగో రోజు రక్తపరీక్షలో లేదని తేలింది. మర్నాడు అనుకున్నట్టే ఇద్దరూ సీతానగరం ఘాట్‌కు వెళ్ళారు. అక్కడ ఆమె సంచిలోంచి 2018 నాటి స్కానింగ్ బొమ్మ తీసింది. ఐదేళ్ళుగా ట్యూషన్ హాజరు పట్టీలో దాచి ఉంచిందట. అతను అది ఉందని కూడా ఎరుగడు. నదిలో వదలాలని వెళ్ళారు, వదలలేక మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నారు. ఇప్పుడది బీరువాలో ఇద్దరికీ తెలిసిన చోట ఉంది. ఇలాంటి తంతులు నేను చెప్పి చేయించను. కౌన్సెలర్ రాసిచ్చిన కర్మకాండ నిలవదని నా నమ్మకం.

ఆగస్టులో అతను తల్లికి నిజం చెప్పాడు. చెప్పమని నేను తొందరపెట్టలేదు. ఆ నిజం భార్య భుజాల మీద ఎన్నేళ్ళుందో లెక్క చెప్పమన్నాను, అంతే. అన్నం తింటూ, “అమ్మా, ఇన్నేళ్ళూ నువ్వు తిట్టింది నన్ను” అన్నాడట. పెద్దావిడ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు కోడలిని పట్టుకుని, “నాకెందుకు చెప్పలేదు, నేను పరాయిదాన్నా?” అని నిలదీశారు. క్షమాపణలేమీ లేవు. బంధువుల దగ్గర ఇప్పటికీ లోపం కోడలిదే. కాకపోతే మరిది కొడుకు మాట మాత్రం ఆ రోజుతో ఆగిపోయింది.

అక్టోబరులో ఆమె పాత పుస్తకం పట్టుకుని వచ్చింది. ఏడాది కిందట నేను చెబితే రాసుకున్నవన్నీ అందులో ఉన్నాయి. ఈసారి ప్రశ్నలు ఇద్దరివీ. నవంబరులో నమోదు చేసుకున్నారు. ఇద్దరి వయసూ కలిపితే 77. రెండేళ్ళలోపు బిడ్డ కావాలంటే 85 దాటకూడదు కాబట్టి ఇబ్బంది లేదు.

పాపా, బాబా, ఎవరైనా సరేనా అన్న గడి దగ్గర ఆగారు. అతను ఎవరైనా అన్నాడు. ఆమె పాప అంది. కారణం అడిగితే, “ఆడపిల్లయితే మరిదివాళ్ళు ఆస్తి గురించి పట్టించుకోరు” అంది. దేశంలో దత్తత వెళ్ళే పిల్లల్లో ఆడపిల్లలే ఎక్కువని చూసి సమాజం మారిందని సంబరపడేవాళ్ళు ఈ జవాబు వినాలి. ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ 1986లోనే చట్టం చేశారనీ, దత్త పుత్రికకూ కన్నకూతురితో సమానమైన హక్కులే ఉంటాయనీ చెప్పాను. “నాకు తెలుసు మేడమ్. వాళ్ళకు ఇప్పుడే తెలియనవసరం లేదు” అంది. ‘పాప’ దగ్గరే గుర్తు పెట్టారు.

ఇంటి పరిశీలనకు వచ్చిన సామాజిక కార్యకర్త పెద్దావిడతోనూ మాట్లాడారు. బిడ్డది ఏ కులమో కాగితాల్లో ఉంటుందా అని ఆవిడ అడిగారట. ఉండదని చెబితే ఏమీ అనకుండా లేచి వెళ్ళి కాఫీ తెచ్చి ఇచ్చారట. దాన్ని ఏమని అర్థం చేసుకోవాలని కోడలు నన్ను అడిగింది. కాఫీ అనే అర్థం చేసుకోమన్నాను.

నేర్చుకున్నవి

దంపతులకు దత్తత పట్ల ఉన్న వైఖరి అని మనం అనేది చాలాసార్లు ఒక వైఖరి కాదు. ఈ కేసులో కనీసం నాలుగు ప్రశ్నలు ఒకే మాట కింద కుక్కి ఉన్నాయి. చికిత్స ఆపేస్తున్నారా? పోయినదాని కోసం ఏడ్చారా? ఒక బిడ్డను పెంచాలని ఉందా? ఏ బిడ్డను, ఎవరి కళ్ళ ముందు? ఆమె ‘వద్దు’ అన్నది చివరి ప్రశ్నకు. అందరూ విన్నది మూడోదానికి. నా నమోదు పత్రంలో ‘దత్తతకు సుముఖమా? అవును/కాదు’ అని ఒక వరస ఉండేది. అది తీసేశాను. దాని స్థానంలో ఈ నాలుగూ విడివిడిగా, భార్యాభర్తలకు వేర్వేరు కాగితాల మీద అడుగుతున్నాను.

సమాచారం చెడ్డది కాదు. నేను ఇచ్చిన కాగితాలే ఏడాది తర్వాత పనికొచ్చాయి. కానీ అడగనివాళ్ళకు ఇచ్చిన సమాచారం ఒత్తిడిలా తగులుతుంది. ముఖ్యంగా ఇంట్లో అప్పటికే ఒత్తిడి ఉన్న మనిషికి. దత్తత తీసుకున్న కుటుంబాన్ని కలిపించడం కూడా ఇప్పుడు ఎప్పుడో గానీ చేయను. చేసినా చికిత్స ముగిశాకే.

ఫైలు మొదటి పేజీ నుంచి చదవాలని వేరే చెప్పనక్కరలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, చెప్పకపోతే ఈ కేసు రాయడమే దండగ. ఎవరి శరీరంలో లోపముందో ఇంట్లో ఏమని చెప్పుకున్నారో కూడా మొదటి సెషన్‌లోనే అడుగుతున్నాను. వైద్యపరమైన కారణం ఒకటి, ఇంట్లో చెలామణి అయ్యే కారణం ఇంకొకటి. దత్తత మాట వచ్చినప్పుడు మనుషులు స్పందించేది రెండోదానికి.

ఇప్పటి పరిస్థితి

నమోదు చేసుకుని ఇరవై నెలలైంది. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కోసం మూడేళ్ళు దాటి ఎదురుచూడటం మామూలే. 2024–25లో దేశం మొత్తం మీద కారా ద్వారా దత్తత వెళ్ళిన పిల్లలు 4,515 మంది. ఎదురుచూసే కుటుంబాలు అంతకు అనేక రెట్లు. ఇది నమోదుకు ముందే ఇద్దరికీ చెప్పాను.

ఆమె ట్యూషన్లు సాయంత్రం నుంచి ఉదయానికి మార్చుకుంది. ఎందుకని అడిగితే సాయంత్రాలు ఖాళీగా ఉంచుకుంటున్నానంది. అతను ప్రతి సోమవారం యార్డుకు వెళ్ళేముందు పోర్టల్‌లో వరస సంఖ్య చూస్తాడట. చూసి, లెక్కల పుస్తకంలో ఆఖరి పేజీలో రాసుకుంటాడట. ఒకప్పుడు రసీదులున్న పుస్తకమే. నెలకు ఒకసారి చూస్తే చాలని ఆమె కోప్పడింది, వినలేదు. వచ్చే నెల ఇద్దరూ వస్తున్నారు. ఆ సోమవారాల గురించి మాట్లాడాలి.